గొడుగుకు ఇరవై ఓట్లు

ఇరవై ఓట్లు కావాలి. ఇరవయ్యంటే ఇరవై. ఒక్కటి తగ్గినా పదవి ఊడుతుందనీ, పార్టీ ఇచ్చిన రెండు గదుల ఇల్లు కూడా ఖాళీ చెయ్యాల్సి ఉంటుందనీ పొట్టి కార్యదర్శికి పైనుంచి కబురొచ్చింది.

ఆ వార్డులో ఓటర్లు నాలుగు వేలు. గుర్తులు రెండే. ఏలేవాళ్లది దీపం, ఎదుటివాళ్లది గొడుగు. దీపం ముప్పై ఏళ్లుగా ఆరింది లేదు. గొడుగు ఒక్కసారైనా తెరుచుకుంది లేదు.

పొట్టి కార్యదర్శి కాళ్లకు బలపాలు కట్టుకుని తిరిగాడు. ముందు క్షవరం కొట్లో కూర్చున్నాడు. గడ్డానికి నురగ పట్టించాక మెల్లగా అన్నాడు.

"ఈసారి గొడుగుకు వెయ్యరాదటయ్యా?"

కత్తి గాల్లోనే ఆగిపోయింది.

"ఎంతమాట సార్! నా ఓటు దీపానికే. మా నాన్న ఓటూ దీపానికే."

"మీ నాన్న పోయి ఆరేళ్లయింది కదా!"

"అయితేనేం సార్? ఆయన మాట తప్పే మనిషి కాడు."

మేడమీది పాటల టీచరమ్మ తలుపే తియ్యలేదు. కిటికీలోంచి అతన్ని చూడగానే దీపం పాట ఎత్తుకుంది. మూడు చరణాలూ పాడి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టింది.

పిన్ని దగ్గరికి వెళ్లాడు.

"పిన్నీ, నీ చేతిలో పెరిగినవాణ్ణి. ఒక్కటంటే ఒక్క ఓటు."

"ఒరేయ్, నీకు దణ్ణం పెడతాను. ముసలిదాన్ని, నా నోటినుంచి ఏదో ఒకటి రాబట్టాలని చూస్తావేంట్రా?"

ఇంటికొచ్చి భార్య ముఖం చూశాడు.

"ఇల్లు పోతే పోనీండి, ఏ చెట్టుకిందో ఉందాం. నేను మాత్రం వెయ్యను. ఇంతకీ మీరు వేస్తారా?"

"వెయ్యక చస్తానా?" అంటూ లేచి వెళ్లి కిటికీ మూశాడు.

ఎన్నికల రోజు తెరచాటుకు వెళ్లాడు. ముద్రను గొడుగు బొమ్మ దాకా తీసుకెళ్లాడు. బయట ఎవరో దగ్గారు. అంతే, చెయ్యి ఎగిరి దీపం మీద పడింది.

లెక్కింపు దగ్గర గుమాస్తా చెవిలో నోరు పెట్టాడు.

"ఓ ఇరవై కాగితాలు అటు జరపవయ్యా బాబూ, నీ పుణ్యముంటుంది."

"నాకు పిల్లలున్నారు సార్!" అంటూ గుమాస్తా కుర్చీతో సహా అవతలికి జరిగాడు.

దీపానికి నాలుగు వేలకు నాలుగు వేలు. గొడుగుకు గాడిద గుడ్డు.

మర్నాడు దీపం పార్టీ ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది: "ఎన్నికలు నిజంగానే జరిగాయని లోకం నమ్మడానికి వార్డుకు ఇరవై ఓట్లయినా మనకు వ్యతిరేకంగా వేయించమని ఆదేశించినా వేయించలేకపోయారు కనుక, మన పార్టీ వార్డు కార్యదర్శి పదవి నుంచి మిమ్మల్ని తొలగిస్తున్నాం."