వంకర కన్నం

తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు వెండెల్.

నారింజరంగు కమారో కారు. ఇంజనుని కప్పే హుడ్ మీద తన మొహం, ఆ వెనక ఆగస్టు మబ్బులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అయినా చెయ్యి ఊరుకోవడం లేదు.

ఆవరణలో నిలిపిన బండ్ల వరుస మొదట్లో ఆర్విల్ ఒక్కో బండి దగ్గరా ఆగుతూ వస్తున్నాడు. తొంభైకి దగ్గరపడ్డ మనిషి. చేతిలో కర్ర, చొక్కా జేబులో తెల్ల మార్కరు.

ఆవరణ వెనక, ఇప్పుడు తివాచీలు అమ్ముతున్న ఈ కొట్టు ఒకప్పుడు రస్నాక్ వాళ్ళ కార్ల షోరూము. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త బండిలోని ఇంజను పీకేసి, దానికి రెట్టింపు బలమున్నది దించి అమ్మేవాళ్ళు. వెనక షెడ్డులో ఆ పని చేసింది ఆర్విల్.

షెడ్డు కాలిపోయింది. రస్నాక్‌లు పోయారు. ఫ్యాక్టరీ కాగితాలు తిరగేస్తే కనిపించేది చిన్న ఇంజనే. ఇంట్లో పెద్దది బిగించుకుని, ఇది అసలు రస్నాక్ బండి అని కోతలు కోసేవాళ్ళకి లోటు లేదు.

అందుకే ఏటా ఒక ఆదివారం అందరూ ఈ ఆవరణకే వస్తారు. ఆర్విల్ తడిమి చూసి, తన పనేనని తేలితే డిక్కీ మూత లోపల సంతకం పెడతాడు. ఇందాక ఒకతను సంతకం దక్కక, ఎవరితోనూ మాట్లాడకుండా బండి వేసుకుని వెళ్ళిపోయాడు.

"కాలు కాలిన పిల్లిలా ఏంట్రా ఆ తిరుగుడు? కూర్చో," అన్నాడు పక్క బండి గస్. "చర్చి ఆడవాళ్ళు బంగాళాదుంప కూరిన పియరోగీలు వేయిస్తున్నారు. ఉల్లిపాయ దట్టంగా వేశారు, తిను."

"ఆకలి లేదు."

"మీ అన్న రే ఉంటే ఈపాటికి రెండు ప్లేట్లు లాగించి, మూడు అబద్ధాలు చెప్పేవాడు."

గస్ ఇంకో ప్లేటు కోసం చర్చివాళ్ళ గుడారం వైపు పోయాడు.

బండి రేదే. ఇది ఆర్విల్ చేతి మీద తయారైందని బతికినన్నాళ్ళూ చెప్పాడు. పట్టిన చేప మొదలు ఎదురుపడ్డ ఎలుగుబంటి దాకా రే మాటకి ఎప్పుడూ మూరెడు తోక ఉండేది. దీన్నీ ఆ లెక్కలోనే వేశారు ఊళ్ళోవాళ్ళు. మొన్న వసంతంలో పోయాడు. పోయే ముందూ అదే మాట.

అన్న చెప్పినవాటిలో ఈ ఒక్కటైనా నిజమని తేలాలి. అప్పటిదాకా వెండెల్‌కి కుదురు లేదు.

"ఎవరిదిరా ఇది? అద్దంలా చేశావే," అంటూ ఆర్విల్ వచ్చేశాడు.

"మా అన్న రేది, బాబాయ్. అరవై తొమ్మిదిలో ఇక్కడే కొన్నాడు."

"హుడ్ ఎత్తు."

ఎత్తాడు. ఆర్విల్ కర్ర అతనికిచ్చి వంగాడు. ఇంజను వంక చూడనైనా లేదు. ఎడమ చెయ్యి ఇంజను వెనక, డ్రైవరు కాళ్ళకి అడ్డంగా ఉండే రేకు మీదికి పోయింది. కింద మూల తడిమాడు. మళ్ళీ తడిమాడు.

"నున్నగా ఉందే."

"ఫ్యాక్టరీలో కూడా అంత నున్నగా రాదు బాబాయ్." వెండెల్ గొంతులో గర్వం దాగలేదు.

"ఇక్కడ కన్నం ఉండాలి. లోపల పెద్ద మీటరు పెట్టేవాళ్ళం, దాని వైరు కోసం. వెల్లకిలా పడుకుని ఎడం చేత్తో పొడిచేవాణ్ణి. ఎలుక కొరికినట్టు వంకరగా వచ్చేది. రస్నాక్ పెద్దాయన తిట్టని రోజు లేదు."

వెండెల్ వంగి తనూ ఆ మూల తడిమాడు.

"ఉండేది బాబాయ్."

"ఏమైంది మరి?"

"పూడ్చేశాను. రే చేసిన కంగాళీ పని అనుకున్నాను. రేకు అతికించి, రాకి, రంగు కొట్టాను."

"ముందు ఫోటో ఏమైనా తీశావా?"

"బాగుచేశాకే తీశాను."

అన్న నిజమే చెప్పాడు. ఆ నిజాన్ని తన చేతులతో తనే గీకి పారేశాడు. వెండెల్‌కి ఏడుపొచ్చింది.

ఆర్విల్ అతని మొహం చూశాడు. మార్కరు తీశాడు.

"డిక్కీ తియ్యి."

"బాబాయ్?"

"నా కన్నమే అది. నువ్వు చెప్పాక ఇంకేం కావాలి? తియ్యి."

తీశాడు. ముసలి చెయ్యి మూత దాకా లేచింది.

వెండెల్ వరుసలోని మిగతా బండ్లకేసి చూశాడు. వాటి మీదున్నదీ ఈ చేతి సంతకమే. గభాలున మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు."

"ఏంట్రా నీ గోల?"

"'ఉండేది, పూడ్చేశాను' అని రేపు ఎవడైనా అంటాడు. అప్పుడేం చేస్తారు?"

"నువ్వు అబద్ధం చెప్పవుగా."

"మీ చేతికి తగల్లేదు బాబాయ్."

ఆర్విల్ మార్కరుకి మూత పెట్టాడు. అతని భుజం ఒకసారి నొక్కి, కర్ర అందుకుని, కాఫీకి వెళ్ళిపోయాడు.

గస్ తిరిగొచ్చాడు. తెరిచి ఉన్న డిక్కీలోకి తొంగి చూశాడు.

"పెట్టలేదా?"

"లేదు. కానీ ఇది ఆయన చేతి బండే, గస్. మా అన్న చెప్పింది నిజం."

గస్ నవ్వాడు. అందులో ఎగతాళి ఏమీ లేదు. పోనీలే పాపం అన్నట్టుంది.

ఆ నవ్వు వెండెల్‌కి బాగా తెలుసు. ఈ బండి గురించి రే చెప్పినప్పుడల్లా అది తన మొహం మీదే ఉండేది.