తెర మీద ఏముందో చదువు

ఆ రాత్రి బడి మొత్తానికి టీచర్ ఒక్కతే మిగిలింది. తెల్లారితే పరీక్ష, ప్రశ్నపత్రమేమో బడి కంప్యూటర్లో ఇరుక్కుంది. ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఏవో తెల్లక్షరాలు మెరిసి ఆరిపోతున్నాయి. రిపేర్లు చేసే తమ్ముడికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది.

"మొన్ననే బాగుచేశానన్నావు! ఇదేనా నీ బాగు?" అని విరుచుకుపడింది.

"అరవకక్కా. ఆపి మళ్ళీ ఆన్ చెయ్యి. తెర మీద ఏముందో చదువు."

ఆమె స్విచ్ నొక్కింది. తెర ఇంకా వెలగనే లేదు.

"ఓహో, డిస్క్ కనబడట్లేదంటోందా?" అన్నాడు తమ్ముడు.

"నేనింకా నోరే విప్పలేదురా!"

"నువ్వు కాదు. నీ పక్కనున్నావిడ చదివింది."

అప్పుడు వెలిగింది తెర. డిస్క్ కనబడడం లేదనే ఉంది అందులో.

టీచర్‌కి ఒళ్ళు మండిపోయింది. "నా పీకల మీదికొస్తే నీకు వేళాకోళంగా ఉందా? ఇక్కడ పిట్ట కూడా లేదు!" అని, ఖాళీ గదిలోకి తిరిగి, "ఎవరే నువ్వు? రా ముందుకి!" అని గోడలు అదిరేలా కేకేసింది.

కంప్యూటర్ ఫ్యాన్ రొద తప్ప ఏమీ వినిపించలేదు.

"ఆవిడ మీదెందుకక్కా అరుస్తావు?" తమ్ముడు నొచ్చుకున్నాడు. "పాపం, ఏడుస్తోంది."

టీచర్ కోపం మరిచి గబుక్కున తెర వైపు తిరిగింది. తన పక్కనున్న కుర్చీ వైపు మాత్రం ఆమె చూడలేదు.