బొమ్మలో ఉన్న అడ్రసు

ఆ పెద్దావిడ మొదటిసారి షాపులోకి వచ్చినప్పుడు మెకానిక్ ఒక ఆక్సిజన్ మెషిన్ విప్పి, లోపల పేరుకున్న దుమ్ము దులుపుతున్నాడు.

ఊపిరి సరిగా అందని రోగులకు ఇంట్లో పెట్టుకునే మెషిన్లవి. వాటిని బాగుచేయడమే అతని పని.

షాపంటే ఒక గది. బయట బోర్డు మీద పెద్ద అక్షరాలతో 'సర్వీసెస్' అని మాత్రం ఉంటుంది. ఏం సర్వీసో లోపలికొచ్చి అడిగి తెలుసుకోవాల్సిందే.

ఆవిడ చేతిలో మెషిన్ ఏదీ లేదు. ఒక నోట్‌బుక్కు, ఫోను ఉన్నాయి.

"మీకు వెబ్‌సైట్ ఉంది కదా బాబూ?"

ఉందన్నాడు. బావమరిది చేసిపెట్టాడని కాస్త గొప్పగానే చెప్పాడు. తెరవగానే మబ్బులు తేలుతూ వస్తాయి. 'మీ ప్రతి శ్వాసలో మేము' అని మెరుస్తుంది. ఆ కింద అడ్రసు, ఫోన్ నంబరు, చేసే పనులు, అన్నీ ఒకే అందమైన బొమ్మలో ఇమిడ్చేశాడు.

"బొమ్మలో ఉన్నది మనకు కనిపిస్తుంది. జనం ఫోన్లో అడిగితే జవాబు చెప్పే ఏఐకి అది చాలాసార్లు అందదు," అంది ఆవిడ. "మామూలు మాటల్లో రాసిపెట్టండి. ఏం బాగుచేస్తారు, ఏ వీధి, ఇంటికొస్తారా లేదా."

మెకానిక్‌కు విషయం అర్థమైపోయింది. వెబ్‌సైట్ బాగుచేస్తామంటూ వారానికొకరు వచ్చి ప్రాణం తోడేస్తుంటారు. ఈసారి పెద్దావిణ్ణి పంపారన్నమాట.

మాకేం అక్కర్లేదని సాగనంపాడు.

మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఒకట్రెండు ప్రశ్నలు. మెషిన్ ఆగిపోతే ఇంట్లోవాళ్లు ముందు ఏం చూసుకోవాలి? బాగయ్యేదాకా వాడుకోవడానికి ఇంకో మెషిన్ ఇస్తారా? ఆదివారం ఫోన్ చేస్తే ఎత్తుతారా?

అతను తల ఎత్తకుండా ముక్తసరిగా చెప్పేవాడు. ఆవిడ నిలబడే రాసుకునేది. కుర్చీ వేయాలని అతనికి తోచలేదు.

అయిదో రోజు అతని చేతిలో ఒక ఖరీదైన సర్క్యూట్ కాలిపోయింది. సరిగ్గా అప్పుడే ఆవిడ గుమ్మంలో కనిపించింది.

"ఇంట్లో చూసుకోవాల్సిన వాళ్లెవరూ లేరా అమ్మా మీకు? రోజూ నా ప్రాణానికి తయారవుతారు."

ఆవిడ నోట్‌బుక్కు తెరవబోయి ఆగింది.

"లేరు బాబూ," అంది. తర్వాత పేజీ తిప్పుతూ, "ఇంటికి పిలిస్తే ఎంతసేపట్లో రాగలరో చెప్పలేదు మీరు," అంది.

"పక్క వీధైతే అయిదు నిమిషాలు. చాలా?"

ఆ జవాబు మాత్రం ఆవిడ వెంటనే రాసుకోలేదు. చాలాసేపు ఆ ఖాళీ గీత వైపే చూస్తూ ఉండిపోయింది. చివరికి రాసి, కాగితాలన్నీ చింపి, బెంచీ మీద పెట్టి వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు.

ఆ కాగితాలను చెత్తబుట్టలో పడకుండా కాపాడింది మెకానిక్ భార్య. మనిషి మనిషిని అడిగినట్టే ఉన్నాయి ప్రశ్నలు. 'ఈ ఊళ్లో ఆక్సిజన్ మెషిన్ ఎవరు బాగుచేస్తారు?' అన్నది మొదటిది. కింద అతని జవాబు, పూర్తి అడ్రసుతో సహా. ఇంత డబ్బు ఇవ్వమని గానీ, తన నంబరు గానీ ఆవిడ ఎక్కడా రాయలేదు.

భార్య తమ్ముడి వెంటపడి వాటన్నిటినీ వెబ్‌సైట్లో పెట్టించింది. మబ్బులు తీసేయాల్సి వచ్చినందుకు అతగాడు నాలుగు రోజులు మూతి ముడుచుకున్నాడు.

రెండు నెలలు ఏ తేడా లేదు. మూడో నెల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మా గురించి ఎవరు చెప్పారని అడిగితే, ఫోన్లో ఏఐని అడిగితే చెప్పిందనేవారు. ఒకాయన ఫోన్ చేసేసరికి వాళ్లమ్మ పెదాలు నీలంగా మారుతున్నాయట. మెకానిక్ తన దగ్గరున్న మెషిన్ స్కూటర్ మీద వేసుకుని పరుగెత్తాడు. ఆమె తేరుకుంది.

ఇంటికొచ్చాక అతనికి అన్నం సహించలేదు. ఆ పెద్దావిడ ఎవరో, ఎక్కడుంటుందో కూడా తాను అడగలేదు.

ఆ తర్వాతి వారం షాపు వెనక వీధి నుంచి పిలుపొచ్చింది. ఒక కుర్రాడు, మంచం మీద వాళ్ల నాన్న. మెషిన్ పాతదే గానీ శుభ్రంగా ఉంది. వైరు ఒకటి వదులైందంతే. బిగిస్తూ, ఎక్కడ కొన్నారని అడిగాడు మెకానిక్.

"కొనలేదన్నా. పై వాటాలో ఉండే ఆంటీ ఇల్లు ఖాళీ చేస్తూ ఇచ్చారు. పాడైతే మీకే ఫోన్ చేయమన్నారు. మీ షాపు గురించి నెట్లో రాసింది ఆవిడే కదా."

మెకానిక్ స్క్రూడ్రైవర్ పక్కన పెట్టాడు. ఆవిడ ఎక్కడికెళ్లిందని అడిగాడు. ఏదో దూరపు ఊరు, చెల్లెలి దగ్గరికట. అడ్రసు ఇవ్వలేదట.

"ఆవిడకు ఈ మెషిన్ ఎందుకు?"

"అంకుల్‌దన్నా ఇది," అంటూ కుర్రాడు గొంతు తగ్గించి చెప్పుకొచ్చాడు. ఆర్నెల్ల క్రితం ఒక పొద్దున మెషిన్ ఆగిపోయింది. ఎవరు బాగుచేస్తారని ఆంటీ ఫోన్లో ఏఐని అడిగితే, ఈ ఊళ్లో ఎవరూ లేరని, రెండు గంటల దూరంలో ఉన్న షాపు పేరు చెప్పిందది. ఇంట్లో ఉన్న చిన్న సిలిండర్ పెట్టి, అంకుల్‌నీ మెషిన్‌నీ కార్లో ఎక్కించుకుని బయల్దేరారు. సగం దారిలో సిలిండర్ అయిపోయింది.

"ఆయన పోయిన వారానికి ఆరేసిన బట్టలు తీయడానికి మేడెక్కి, మీ షాపులోంచి ఎవరో ఇలాంటి మెషినే మోసుకెళ్తుంటే చూసిందన్నా ఆవిడ."