నడక ఫలితం

"ఊపిరి బిగబట్టకండి, కొలత తప్పుతుంది," అంటూ ఆమె భర్త నడుముకు టేపు చుట్టింది. ఇంటి ముందు గదిలోనే ఆమె కుట్టు దుకాణం. అతని ప్యాంటు మళ్లీ వదులైంది.

"బిగబట్టలేదే," అన్నాడతను.

"అయితే ఇంకా తగ్గారన్నమాట!" ఆమె ముఖం వెలిగిపోయింది. బట్టల కోసం వచ్చిన పక్కింటావిడతో గర్వంగా అంది: "చూశావా వదినా, పొద్దున్నే నడవమని నేను పోరబట్టే కదా! పెళ్లినాటి మనిషైపోయారు."

"మా ఆయనా ఉన్నాడు, కుర్చీకి అతుక్కుపోయి," అని నవ్వుకుంటూ పక్కింటావిడ వెళ్లిపోయింది.

ఆమె ప్యాంటు కుట్లు విప్పబోతుంటే అతను చెయ్యి పట్టుకున్నాడు.

"నేను నడక మానేసి చాలా రోజులైంది."

"మరి రోజూ వెళ్తున్నారుగా?"

"పార్కు దాకా వెళ్లి బెంచీ మీద కూర్చుంటున్నా. నాలుగడుగులేస్తే ఆయాసం. తిండి చూస్తేనే వెగటు."

"నడవకుండానే ఇంత ఎలా తగ్గా..." మాట మధ్యలోనే ఆగిపోయింది. సన్నబడటమే ఆరోగ్యమనుకుని తాను మురిసిపోయిన మనిషి మెడ ఎముకలు ఆమెకు అప్పుడే కనిపించాయి.

"పదండి, డాక్టరు దగ్గరికి."

"వెళ్లొచ్చా. కడుపులో గడ్డట. ముదిరిపోయింది, కోసి తీసే దశ దాటిపోయిందన్నాడు."

"నాకెందుకు చెప్పలేదండీ?"

"వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి సంబరపడుతున్నావు. నోరు రాలేదు."

ఆమె ప్యాంటు పక్కన పడేసింది.

"కుట్టివ్వు," అన్నాడతను మెల్లగా. "ఆస్పత్రికి వేసుకెళ్లాలి. జారిపోతోంది."

ఆమె మిషను ముందు కూర్చుంది. ఎంత ప్రయత్నించినా సూదిలోకి దారం ఎక్కలేదు. చివరికి అతనే వంగి ఎక్కించి ఇచ్చాడు.