లేని మట్టిలో స్నానం

రెక్క విప్పే చోటివ్వకుండా మేత మాత్రం పెడితే అది పెంపకమేనా, చెప్పండి?

కోళ్లఫారం లారీలోంచి జారిపడ్డ తెల్లపెట్ట ఓ రైతు పెరట్లోకి వచ్చింది. అక్కడ చుక్కలపెట్ట మట్టిలో హాయిగా పొర్లుతోంది.

"ఛీ, ఒళ్లంతా దుమ్మే! మా షెడ్డులో మట్టే ఉండదు, తెలుసా?" అంది తెల్లపెట్ట గొప్పగా.

"మరి ఒళ్లు దురదపెడితే ఏం చేస్తావే?"

"ఇదిగో, ఇలా!" తెల్లపెట్ట పక్కనున్న బండ మీద కూర్చుని, గోళ్లతో గీకి, లేని మట్టిని రెక్కలతో ఒంటి మీద చల్లుకుంది.

చుక్కలపెట్టకి నవ్వొచ్చి, అంతలోనే ఆగిపోయింది. "ఎవరు నేర్పారే?"

"ఎవరూ నేర్పలేదక్కా. పంజరం తీగల మీద కూడా ఒళ్లు దానంతటదే ఇలా ఆడేది."

చుక్కలపెట్ట తను పొర్లుతున్న మట్టిగుంటలోంచి లేచి చోటిచ్చింది. అందులో దిగిన తెల్లపెట్ట పొద్దుగూకేదాకా లేవలేదు.

రేపు గుడ్లు కొనేముందు కొట్లో అడగండి: "ఈ కోడి ఎప్పుడైనా మట్టిలో పొర్లిందా?" జవాబొచ్చేదాకా అక్కణ్ణించి కదలకండి.