విప్పాల్సిన చోటు

"పళ్ళ వాసన పూసి పిల్లలకి విషం అమ్ముతున్నారు. నీకు సరుకు పంపేవాడికి సిగ్గులేదు, కాలేజీ ముందు కొట్టు పెట్టుకోమన్నవాడికి లేదు, నీకసలే లేదు."

ఫోన్ల కవర్లు అమ్మే కొట్టులో దర్జీ ఆవిడ అలా నిలదీస్తుంటే కుర్రాళ్ళు గుమిగూడారు. కొలతల టేపు ఇంకా ఆవిడ మెడలోనే వేలాడుతోంది. కొట్టువాడు తొణకలేదు. అది పొగ కాదన్నాడు, వట్టి ఆవిరన్నాడు. సిగరెట్టు మానాలనుకునేవాళ్ళ కోసం ఈ ఆవిరి పీల్చే గొట్టాలు, వేప్‌లు తెచ్చి తాను మేలే చేస్తున్నానన్నాడు.

"మా పిల్ల అసలు సిగరెట్టు ఎప్పుడు ముట్టిందయ్యా, మానడానికి?"

కొట్టువాడు కవర్ల కట్ట విప్పి కుర్రాళ్ళ ముందు పరిచాడు.

కిందటి నెల ఆవిడ కూతురు కాలేజీ మెట్ల మీద ఊపిరాడక కుప్పకూలింది. ఊపిరితిత్తులు వాచాయని చెప్పింది డాక్టరమ్మ. మళ్ళీ ఆ గొట్టం నోట్లో పెట్టుకుంటే ఈసారి బతికిస్తానని మాటివ్వలేనంది. కూతురు బుద్ధిగా తలూపింది. ఇంటికొచ్చి వారం తిరక్కుండానే గదిలో పుచ్చకాయ వాసన మొదలైంది. తల్లి తిట్టింది, బతిమాలింది, అన్నం మానేసి కూర్చుంది. క్లాసులో అందరి చేతుల్లోనూ ఉంటుందట. వద్దన్న పిల్లని ముసలమ్మ అని ఏడిపిస్తారట. మానేద్దామనుకుంటే చేతులు వణుకుతాయట. ఆ చివరి మాట మాత్రం పిల్ల గోడవైపు తిరిగి చెప్పింది.

అప్పటినుంచీ తల్లి రోజూ సంచి తిరగేసేది, జేబులు తడిమేది. ఏమీ దొరికేది కాదు. వాసన మాత్రం పోయేది కాదు.

ఒక పొద్దున ఆవిడ ముందుగదిలోని దుకాణం తెరిచి మిషను ముందు కూర్చోబోయింది. కుర్చీ మెత్త మీద నీలం సుద్దతో ఇంటూ గుర్తు. ఆ దుకాణంలో ఇంటూ పడిందంటే అక్కడ విప్పమని అర్థం. చంక బిగుసుకున్నా, అంచు వంకరపోయినా మాటలు అక్కర్లేదు. గీత చూసి విప్పడమే. మెత్త మీద ఎవరు గీశారో అనుకుంటూనే ఆవిడ అలవాటుకొద్దీ కత్తెర పెట్టింది. దూదిలోంచి వేప్ ఊడిపడింది.

పిల్ల మిషను చప్పుడులో పెరిగింది మరి. జేబులో దాచదు, కుట్టేస్తుంది.

తర్వాతి వారం గుర్తు తెర అంచు మీద పడింది. ఈసారి కూతురు అక్కడే ఉంది. తల్లి కత్తెర తీయగానే పిల్ల మొహం పాలిపోయింది.

"ఇల్లంతా విప్పుకో ఇంక," అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

దర్జీకి ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే గుండె తేలికైంది. తన పిల్ల ఊపిరికి ఎవరో కాపలా కాస్తున్నారు. డాక్టరమ్మ వల్ల కానిది, కాలేజీవాళ్ళు పట్టించుకోనిది, నోరు విప్పకుండా ఎవరో చేసిపెడుతున్నారు. ఆవిడ నీలం గుర్తున్న గుడ్డముక్కను కత్తిరించి కళ్ళకద్దుకుంది. పారేయబుద్ధి కాక సూదుల డబ్బాలో దాచుకుంది.

ఆలోచిస్తే ఎవరో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ గుర్తు సంగతి తెలిసింది ఇంట్లో ముగ్గురికే. దాచేది కూతురు. వెతికేది తను. ఇక మిగిలింది రెండో మిషను మీద కుట్టే చెల్లెలు.

తన కోసం దాచుకున్న పట్టుగుడ్డ తీసి చెల్లెలికి జాకెట్టు కుట్టింది.

"నాకెందుకే ఇది?" అంది చెల్లెలు.

"నా కూతురి ప్రాణం నిలబెట్టావు. దీంతో తీరే రుణమా?"

చెల్లెలు వింతగా చూసింది. తానేం చేయలేదంది. గుర్తులూ తెలియవు, గొట్టాలూ తెలియవంది. అక్క నవ్వింది. పిన్నే పట్టించిందని తెలిస్తే పిల్ల కక్ష కడుతుందని భయం కాబోలు, నీ మంచితనం నాకు తెలియదా అంటూ చెల్లెలి చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"నేను కాదంటే వినవేం? వదిలితే తొడుక్కుంటాను. ఊరికే వచ్చిన జాకెట్టు, మళ్ళీ లాక్కుంటావేమో."

తొడుక్కుంది. కుడిచెయ్యి బిగువుగా ఉందని, తన డబ్బాలోంచి అరిగిన సబ్బుముక్క తీసి చంక దగ్గర ఇంటూ గీసింది. సుద్దపొడి తగిలితే ఆమెకు తుమ్ములు ఆగవు. ఏళ్ళ తరబడి సబ్బుతోనే గీస్తోంది.

దర్జీ నవ్వు ఆగిపోయింది. సూదుల డబ్బాలోంచి నీలం గుర్తున్న గుడ్డముక్క తీసి ఆ తెల్లటి గీతల పక్కన పెట్టింది.

అప్పుడు లోపలి తలుపు తెరుచుకుంది. కూతురు వచ్చి, వేసుకున్న కాలేజీ కోటు విప్పి, కుట్టుబల్ల మీద ఇద్దరి మధ్యా పరిచింది. పిన్నిని చూడలేదు, తల్లినీ చూడలేదు. వణుకుతున్న చేత్తో భుజం ప్యాడ్ మీద రెండు నీలం గీతలు, ఒకదానికడ్డంగా ఒకటి గీసింది. సుద్దముక్క తల్లి అరచేతిలో పెట్టింది.

"ఇదీ విప్పమ్మా."