ఐదో గడి

అతని భార్యను చంపింది ఫోర్‌మన్. అందులో అతనికి అనుమానం లేదు. పదకొండు రోజులుగా ఆ ఒక్క మాట మీదే తింటున్నాడు, ఆ మాట మీదే పడుకుంటున్నాడు.

అందుకే ఫ్యాక్టరీలో విచారణకు పిలిచిన రోజున, రేకులు వంచే ప్రెస్సు పక్కన ఫోర్‌మన్ కనబడగానే నోటికంటే ముందు చేతులు లేచాయి. మొదటి గుద్దుకు ఫోర్‌మన్ పెదవి చిట్లింది. రెండో గుద్దుకు తల వెళ్లి ఇనప దిమ్మకు కొట్టుకుంది. మూడోది పడేలోగా బావమరిది నడుం పట్టి వెనక్కి లాగాడు.

"వదలరా! వీడు నుజ్జు చేసింది మీ అక్కనే కదరా!"

"నాకు మాత్రం కడుపు మండట్లేదా బావా? ముందు కాగితం మీదికి ఎక్కనీ. జైల్లో కుళ్లి చస్తాడు."

విచారణ చేయడానికి వచ్చిన సేఫ్టీ ఆఫీసరమ్మ కింద పడ్డ తన రాత అట్ట తీసుకుని దుమ్ము దులిపింది. దాని మీది కాగితంలో ఐదు గడులున్నాయి.

"ఎందుకు అని ఐదుసార్లు అడుగుతాను. ఒక్కో జవాబూ ఒక్కో గడిలో రాస్తాను. అసలు కారణం చివరి గడిలో తేలుతుంది. దాన్ని సరిచేస్తే ఇంకొకరు చావరు."

"నాలుగు గడులు నీ ఇష్టం. ఐదో దాంట్లో వీడి పేరుండాలి. నేనూ ఐదో తరగతి దాకా చదివాను. చూసుకునే సంతకం పెడతా," అన్నాడు అతను.

ఆమె ఫోర్‌మన్ వైపు తిరిగింది. "ప్రెస్సు దిగేటప్పుడు ఆమె లోపలికి ఎందుకు వంగింది?"

ఫోర్‌మన్ నెత్తురు ఉమ్మాడు. "రేకు వంకరగా పడింది మేడమ్. సరిచేద్దామని కుడిచెయ్యి పెట్టింది. నడుము బటన్‌కి తగిలింది."

చెయ్యి భుజం దాకా నుజ్జయిపోయింది. ప్రెస్సును పైకి లేపేసరికే ప్రాణం పోయింది. నేల మీద మరక ఇంకా నల్లగా కనబడుతూనే ఉంది.

"రెండు బటన్లూ రెండు చేతులతో కలిపి నొక్కితేనే ఇది దిగాలి. ఒక్కటి తగిలితే ఎందుకు దిగింది?"

"ఎడమ బటన్ నొక్కే ఉంది. చెక్కముక్క దూర్చి బిగించి ఉంది."

"ఎవరు దూర్చారు?"

ఫోర్‌మన్ తల దించుకున్నాడు. "నేనే."

ఈసారి బావమరిది అతన్ని ఆపలేదు. అతను ఫోర్‌మన్ గొంతు పట్టి ప్రెస్సుకేసి అదిమాడు. బొటనవేళ్లు లోపలికి దిగాయి. ఫోర్‌మన్ కళ్లు తేలేశాడు, కాళ్లు కొట్టుకున్నాయి.

"విన్నావా? వాడి నోటితో వాడే చెప్పాడు! రాయి!"

ఆమె అట్ట అంచుతో అతని మణికట్టు మీద గట్టిగా కొట్టింది. "వదులు! ఇంకా మూడు గడులున్నాయి."

ఫోర్‌మన్ దగ్గి దగ్గి, గోడకు చేరగిలబడ్డాడు. ఆమె అడిగింది. "చెక్క ఎందుకు దూర్చావు?"

"ఆవిడే బతిమాలింది. ఎడంచెయ్యి లేవట్లేదు, ఒంటి చేత్తో నడుపుకుంటాను అంది."

"చెయ్యి లేవని మనిషిని ఇంటికి ఎందుకు పంపలేదు?"

"పొమ్మన్నాను మేడమ్. ఏడ్చేసింది. ఇంటికి మాత్రం పంపొద్దంది."

"చచ్చినవాళ్ల మీద ఎన్నయినా చెప్తావురా. వాళ్లు లేచొచ్చి కాదంటారా!" అన్నాడు అతను.

"చాకిరీ లేకపోతే అక్కకి తోచదు," అన్నాడు బావమరిది, కళ్లు తుడుచుకుంటూ.

ఆమె నాలుగో గడి నింపింది. "ఇక ఒక్కటే. చెయ్యి ఎందుకు లేవలేదు?"

"ముందురోజు ఇంట్లో మెట్ల మీద జారిపడ్డానంది. అంతకుమించి నాకు తెలీదు. మా అమ్మ మీద ఒట్టు."

ఆమె భర్త వైపు తిరిగింది. "ముందురోజు ఆమె పడటం మీరు చూశారా?"

అతను నేల మీది మరక నుంచి చూపు తిప్పుకున్నాడు.

"వాడి పేరు రాస్తే రాయి, లేకపోతే మానెయ్. ఆ రోజు సంగతి మళ్లీ నా దగ్గర ఎత్తొద్దు. చచ్చేదాకా దాని గురించి నేను నోరు విప్పను."

బావమరిది అతని భుజం చుట్టూ చెయ్యి వేశాడు. "బావని వదిలెయ్యండి మేడమ్. తట్టుకోలేడు."

ఆమె కలం మూసింది. ఐదో గడి ఖాళీగానే ఉండిపోయింది.

ఆమె ఎడంచెయ్యి విరిచింది అతనే.